చెదలు తిన్న యాజమాన్యం

మా పాత అంబాసిడరు నాదేనని నల్లగొండలో అందరికీ తెలుసు, ఒక్క సర్కారుకు తప్ప! పదకొండేళ్ల కిందట జడ్చర్ల పెద్దాయన దగ్గర మాట మీద కొన్నాను. ఆర్‌.సి. పుస్తకం ఆయన పేరునే ఉండిపోయింది. చివరికి దాన్నీ చెదలు తినేశాయి.

అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్‌.టి.ఓ.కు తెలపాలట. మేమిద్దరం హాయిగా నిద్రపోయాం.

"డబ్బిస్తే కాగితం పుట్టిస్తా" నన్నాడొక ఏజెంటు. అలా పుట్టింది ఎన్నాళ్లు బతుకుతుంది? వద్దన్నాను. పుస్తకం పోయిందని పోలీసుల పత్రంతో 26వ నమూనాలో నకలు అడగవలసింది పేరున్న ఆయనే. ఆపైన బదిలీకి 29, 30 నమూనాలు. వాటిమీదా ఆయన సంతకం కావాలి.

బస్సెక్కి దేవరకొండ, కల్వకుర్తి దాటి వెళ్లాను.

"ఈ వయసుల నాకెందుకు తమ్మీ గీ లొల్లి?" అన్నాడు.

2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పాను: బండి అమ్మేసినా, పుస్తకంలో పేరు మారనంతవరకు ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఆ పేరుగలవాడి మీదే పడుతుంది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"అంటే, పదకొండేండ్లు నా మెడకు కట్టి తిప్పినవా?"

జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు ఠాణాకు నాకంటే ముందే ఆయన తయారై కూర్చున్నాడు.