మీకు తెలుసా? నెలసరి ఆగాక కొలెస్ట్రాల్, హార్మోన్లు, రొమ్ము క్యాన్సర్

యాభై దాటిన ఆడవాళ్ల లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు ఇంటికొస్తే ఇంటిల్లిపాదీ ముందు చూసేది 'చెడు కొలెస్ట్రాల్' అనే ఎల్‌డీఎల్ అంకెనే. గుండె ఏమవుతుందోనని భయం. ఆ అంకెకు రొమ్ము క్యాన్సర్‌తోనూ చుట్టరికం ఉందని ఈ మధ్య ప్రచారం మొదలైంది. చుట్టరికం ఉన్న మాట నిజమే. కాకపోతే వాట్సాప్‌లో చెప్పేంత దగ్గరిది కాదు.

◆ ఈస్ట్రోజెన్ తయారయ్యేది కొలెస్ట్రాల్ నుంచే. కొలెస్ట్రాల్ అణువులో 27 కార్బన్లుంటాయి. ఒంట్లోని ఎంజైములు దాన్ని కత్తిరించి 21 కార్బన్ల ప్రొజెస్టిరాన్‌ను, ఆ తర్వాత 19 కార్బన్ల ఆండ్రోజెన్లను, చివరికి 18 కార్బన్ల ఈస్ట్రోజెన్లను తయారుచేస్తాయి. ఆండ్రోజెన్లంటే మనం మగ హార్మోన్లు అనుకునేవే. ఏ ఆడమనిషి ఒంట్లోనైనా ఈస్ట్రోజెన్ ముందు మగ హార్మోన్‌గా ఉండి వచ్చిందే! అలాగని రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగితే ఈస్ట్రోజెన్ కూడా పెరుగుతుందనుకోకండి. ముడిసరుకు ఎంతున్నా, ఎంత సరుకు తయారవ్వాలో తేల్చేది ఎంజైములే.

◆ ముట్లుడిగినా ఈస్ట్రోజెన్ తయారీ ఆగదు, చోటు మారుతుందంతే. అండాశయాలు విశ్రాంతి తీసుకున్నాక కూడా మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఆండ్రోజెన్లను వదులుతూనే ఉంటాయి. కొవ్వు కణాల్లో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము వాటిని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. పొట్టలో, తొడల్లో పేరుకున్న కొవ్వే కాదు, రొమ్ములోని కొవ్వూ ఈ పని చేస్తుంది. అందుకే మెనోపాజ్ తర్వాత రక్తపరీక్షలో ఈస్ట్రోజెన్ అతి తక్కువగా కనిపించినా, రొమ్ము కణజాలంలో దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు.

ఇక్కడే ఓ విచిత్రం ఉంది. నెలసరి వచ్చే వయసులో అధిక బరువున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ముప్పు కాస్త తక్కువగా కనిపిస్తుంది. ముట్లుడిగాక అదే బరువు ముప్పును పెంచుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలు అడ్డుకునేది ఈ అరోమటేజ్‌నే. అండాశయాలు చురుగ్గా ఉన్న వయసులో ఆ మాత్రలు ఒక్కటే ఇస్తే చాలవు, అండాశయాల పనినీ ఆపాల్సి ఉంటుంది.

◆ "తిండి మార్చలేదు డాక్టరుగారూ, అయినా కొలెస్ట్రాల్ పెరిగింది" అనే మహిళలు అబద్ధం చెప్పడం లేదు. కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కోవడానికి వాడే గ్రాహకాలను పెంచేది ఈస్ట్రోజెనే. ఆ గ్రాహకాలను కనిపెట్టిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఈస్ట్రోజెన్ తగ్గితే గ్రాహకాలూ తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. అమెరికాలో ఏళ్ల తరబడి మహిళలను గమనించిన 'స్వాన్' అధ్యయనంలో, చివరి నెలసరికి అటూ ఇటూగా ఉన్న ఒక్క ఏడాదిలోనే ఎల్‌డీఎల్ గబగబా పెరగడం కనిపించింది.

◆ కొలెస్ట్రాల్ నుంచి పుట్టే ఒక పదార్థం ఈస్ట్రోజెన్ వేషం వేయగలదు. దాని పేరు 27-హైడ్రాక్సీకొలెస్ట్రాల్. 2013లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల్లో ఇది రొమ్ము కణితులను పెంచుతోందని ప్రకటించగానే 'కొలెస్ట్రాలే క్యాన్సర్‌కు మేత' అని పత్రికలు రాసేశాయి. తర్వాత జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మహిళల రక్తనమూనాలు పరీక్షిస్తే లెక్క తలకిందులైంది. ముట్లుడిగినవాళ్లలో ఈ పదార్థం ఎక్కువగా ఉన్నవారికే రొమ్ము క్యాన్సర్ తక్కువగా వచ్చినట్టు తేలింది! మొదటి వార్త చదివినవాళ్లలో ఈ రెండో సంగతి ఎంతమందికి చేరిందో మరి. ఎలుకలో కనిపించినదాన్ని మన అమ్మకు, అత్తయ్యకు అంటగట్టేముందు కాస్త ఆగడం మంచిది.

◆ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు రొమ్ము క్యాన్సర్ రాకుండా ఆపుతాయని రుజువు కాలేదు. ఒకసారి వచ్చి నయమైనవారిలో తిరగబెట్టడం తగ్గుతుందని కొన్ని అధ్యయనాలు సూచించాయి. అందాకే. స్టాటిన్ గుండె కోసం వేసుకునే మాత్ర.

◆ రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే ఆ మందే కాలేయంలో ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుంది.

◆ ముట్లుడిగాక వాడే హార్మోన్ మాత్రల మీద భయం పుట్టించిన అమెరికా ప్రయోగంలో వాడిన ఈస్ట్రోజెన్ చూలు గుర్రాల మూత్రం నుంచి తీసినది. ఆ ప్రయోగం పేరు 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్'. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన భాగంలో 16,608 మంది చేరారు. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని 2002లో మధ్యలోనే ఆపేశారు. శాతం వింటే గుండె ఝల్లుమంటుంది. విడమరిస్తే ఏడాదికి ప్రతి 10,000 మందిలో 30 మందికి రావాల్సింది 38 మందికి వచ్చింది. ముప్పు నిజమే, పరిమాణం కూడా చెప్పాలి కదా! గర్భసంచి లేని మహిళలకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు సరికదా, తగ్గింది. గర్భసంచి ఉన్నవారికి మాత్రం ఒంటరి ఈస్ట్రోజెన్ కుదరదు, గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్‌కు దారితీస్తుంది.

◆ గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో దేశంలోనే ముందు వరుసలో ఉన్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15–49 ఏళ్లవారిలో దేశ సగటు 3 శాతం పైచిలుకు, మన దగ్గర అంతకు రెట్టింపు మించే. గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది, కానీ చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారడం, ఎల్‌డీఎల్ పెరగడం, గుండెజబ్బు మీద పడతాయి. అండాశయాలు ఉంచితే అవి పనిచేస్తూనే ఉంటాయి, నెలసరి లేదు కాబట్టి మెనోపాజ్ ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. ఆపరేషన్ అయినవారు అండాశయాలు ఉన్నాయో తీసేశారో డిశ్చార్జి కాగితంలో చూసి, డాక్టరుకు తప్పక చెప్పాలి.

◆ లిపిడ్ ప్రొఫైల్ చూసి రొమ్ము క్యాన్సర్ గురించి ఏమీ చెప్పలేం. చేత్తో చేసే పరీక్షకు మాత్రం విలువుంది. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో మొదలుపెట్టి దాదాపు లక్షన్నర మంది మహిళలతో ఇరవై ఏళ్లు నడిపిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి రొమ్ములు పరీక్షించారు. అందరినీ కలిపి చూస్తే తేడా గట్టిగా తేలలేదు గానీ, 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 30 శాతం దాకా తగ్గాయి. మీ ఇంట్లో యాభై దాటిన వాళ్లెవరైనా ఉంటే ఈసారి కొలెస్ట్రాల్ పరీక్షకు వెళ్లినప్పుడు రొమ్ము పరీక్ష కూడా చేయించండి.