ఫాంటు లేని ఫైలు

రైస్‌మిల్లుల ఊరు సుల్తానాబాద్‌లో బియ్యం సంచి లేబుల్ అయినా, పెండ్లి పత్రిక అయినా, కవితా సంపుటి అయినా ఒకప్పుడు పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే తయారయ్యేది. ఆ నాటి సీడీలో .p65 అనో .pmd అనో ఉన్న ఫైలును ఇప్పుడు తెరిస్తే ముందు 'ఫాంటు లేదు' అని పెట్టె వస్తుంది, వెనకాలే పేజీ నిండా ఇంగ్లిషు అక్షరాలు, డాలర్లు, చుక్కలు. ఫైలు చెడిపోయిందనుకుని చాలామంది అక్కడే ఆపేస్తారు. నిజానికి అది చెడలేదు.

ఆల్డస్ కంపెనీ 1985లో విడుదల చేసిన పేజ్‌మేకర్‌కు తెలుగు రాదు. అప్పట్లో ఒక ఫాంటులో 256 గళ్లకు మించి చోటు లేదు, అందులోనూ కొన్ని వాడుకోవడానికి వీల్లేదు. మన గుణింతాలు, వత్తులు లెక్కపెడితే అవి ఏ మూలకు? అందుకే అను, శ్రీలిపి వంటి ఫాంట్లు తయారు చేసినవాళ్లు తెలుగును ముక్కలు చేశారు. అక్షరం ఒక గడిలో, దీర్ఘం ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే వాటిని కూర్చోబెట్టారు. ఏ ముక్క ఏ గడిలో అన్నది కంపెనీకో తీరు. గట్టి పనే చేశారు గానీ, ఒకరి పద్ధతి ఇంకొకరికి పనికిరాకుండా పోయింది.

ఫైలులో ఉన్నవి ఆ గళ్ల సంఖ్యలే. ఫాంటు చేతిలో ఉంటే అవి తెలుగవుతాయి, లేకపోతే గజిబిజి. అక్షరాల రూపం పోయింది తప్ప రాసిన మాట పోలేదు.

అందరికీ ఒకటే అక్షర సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో ఈ చిక్కు లేదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు సొంత చోటు దొరికింది. 'సుల్తానాబాద్' అని రాస్తే అందులో పన్నెండు సంకేతాలు, ఏ కంప్యూటర్‌లోనైనా అవే. పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే పని మాత్రం గడి పక్కన గడి పెట్టినంత తేలిక కాదు. 'ల్తా' చూడండి. కంటికి దీర్ఘం 'ల' మీద, 'త' వత్తు కింద. పాత ఫైలు ఆ కనబడే వరుసనే దాచుకుంటుంది. యూనికోడ్‌కు ల, పొల్లు, త, దీర్ఘం అన్న వరుస కావాలి. కన్వర్టర్ దీర్ఘాన్ని త దాటించి పెట్టాలి. ఇలాంటి చోటనే అది తప్పులు చేస్తుంది. ప్రూఫు చూడక తప్పదు.

పని ఇలా మొదలుపెట్టాలి. ఫైలుకు నకలు తీసి దానినే తెరవండి. వేరే ఫాంటు పెట్టి సేవ్ చేస్తే అసలు ఏ ఫాంటో తెలిసే ఆనవాలు కూడా పోతుంది. పెట్టెలో కనబడిన పేరు కాగితం మీద రాసుకోండి. అది పాత కంప్యూటర్‌లోనో, కొన్నప్పటి సీడీలోనో దొరకాలి. పేరు కలిసినా కంపెనీ కలవకపోతే గళ్లు కలవవు. ఆనాటి పీడీఎఫ్ ఉంటే సరిపోల్చుకోవడానికి పనికొస్తుంది. అందులోంచి ఫాంటు పీకుదామంటే కష్టం, సాధారణంగా ఆ పేజీల్లో వాడిన ముక్కలే అందులో ఉంటాయి. ఇక ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచే వీలు సీఎస్6 వెర్షన్‌తో ఆగిపోయింది. ఆ తర్వాతివి వాటిని తీసుకోవు.

దుకాణంలో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌ను పాతసామాన్లకు వేసేముందు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డరును ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.