ఎవరి ఎదుగుదల? ఎవరి ఎదురుచూపు?
‘అంటరాని వసంతం’ను మందమర్రి నుంచి చదవడం

తండ్రిని పోగొట్టుకున్న కొడుకు ఎట్లా పెద్దవాడవుతాడో మందమర్రి బొగ్గుబాయి కుటుంబాలకు వేరే చెప్పనక్కర లేదు. సింగరేణిలో కార్మికుడు చనిపోతే వారసుడికి ఉద్యోగమిచ్చే పద్ధతి ఉంది. నాయిన పోయిన దుఃఖం, నౌకరి దొరికిన ఊరట ఒకే ఇంట్ల పక్కపక్కన ఉంటాయి. శ్రమజీవుల ఇళ్లలో దుఃఖానికి కూలితో, కులంతో ముడి ఉంటుంది. ఈ ఎరుకతోనే జి. కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ (2000)ను చదవాలని మేము అంటున్నాం.

యువ పాత్ర ఎదిగే క్రమాన్ని చెప్పే నవలకు యూరప్‌లో ఒక సంప్రదాయం ఉంది. గోథే ‘విల్‌హెల్మ్ మైస్టర్’ (1795–96)ను దానికి నమూనాగా చెబుతారు. పాత్ర ప్రేమిస్తుంది, పోగొట్టుకుంటుంది, చివరికి సమాజంలో తన చోటు తెలుసుకుంటుంది. మరి ఆ చోటు పుట్టకముందే ఊరి బయట ఖరారైపోయిన పిల్లగాని సంగతేంది?

ఎల్లన్న ఎన్నెలదిన్ని మాలపల్లె పిల్లవాడు. ఆట చూడబోయినందుకు తరిమితే ఊరు దాటి పారిపోయాడు. ప్రాణంగా చూసుకున్న మేనత్త భూదేవికి దూరమయ్యాడు. నాగన్న దగ్గర ఆటా పాటా నేర్చాడు. సుభద్రను ప్రేమించి పెళ్లాడాడు. అంటే కులం చేసిన గాయమే అతన్ని కళ దగ్గరికీ, ప్రేమ దగ్గరికీ చేర్చింది. అంతమాత్రాన గాయాన్ని వరమని అనలేం గదా!

తర్వాత ఎల్లన్న మాల బైరాగిగా దేశం పట్టిపోయాడు. మడికి నీళ్ల కోసం పార పట్టిన సుభద్రకు ఎదురుచూపు మిగిలింది. ఒకరి ఎదుగుదల ఖరీదు ఇంకొకరు, అందునా ఆడమనిషి, చెల్లించడాన్ని మనం గమనించాల్సి ఉంది. దళిత సాహిత్యమైనంత మాత్రాన ఈ ప్రశ్న పక్కకు పోదు.

కొడుకు శివయ్య, కోడలు శశిరేఖ కరువులో బకింగ్‌హామ్ కాలువ పనికి పోతే, మాలలని అక్కడా తరిమారు. 1876–78 కరువులో నిజంగానే ఆ కాలువను కరువు పనిగా తవ్వించారు. ఆకలి అందరిదైనా, కులం పలుగూ పారా దగ్గర కూడా అడ్డం నిలిచింది.

ఈ కథలన్నీ ముసలి రూతు జ్ఞాపకంగా వస్తాయి. ఎల్లన్నకు దొరకని చోటును ఆయన మనవడి భార్య తన జ్ఞాపకంలో ఇస్తుంది. ఇక్కడ ఎదిగేది ఒక్క మనిషి కాదు, తరాలు. సమాజంతో రాజీపడటం ఈ ఎదుగుదలకు ముగింపు కాజాలదు. ఉపాధ్యాయులు తరగతిలో ‘నాయకుడు ఏం నేర్చుకున్నాడు?’ అని అడగడంతో ఆగకుండా, ‘అతను పోగొట్టుకున్నది ఎవరు లాక్కున్నారు? ఆ నష్టాన్ని ఎవరు మోశారు?’ అని కూడా అడగాలి.