ఆలుచిప్పలలోని లోహములు

ఆలుచిప్ప తానున్నచోటనుండి కదలదు. సముద్రజలమును లోనికి బీల్చి, అందలి సూక్ష్మాహారమును వడగట్టుకొని, తక్కిన నీటిని విడిచివైచును. బాగుగ నెదిగిన చిప్ప యొకటి అనుకూలస్థితిలో దినమునకు నూఱు లీటర్లకు మించిన నీటిని వడగట్టగలదు. నీటియందు లేశమాత్రముగ నున్న లోహములును ఆహారముతోబాటు దాని మాంసమున జేరి, అనేకరెట్లు హెచ్చును. కావుననే ఇట్టి జీవులను సముద్రమునకు కావలివాండ్రుగ నుంచవలెనని 1975లో గోల్డ్‌బర్గ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు సూచించెను. 1986లో అమెరికా ప్రభుత్వము తన తీరములయందు ఈ పరీక్షల నారంభించెను.

పరీక్ష యెట్లు జరుగును? చిప్పను కడిగి, తెఱచి, మాంసము నెండించి పొడిచేయుదురు. ఆ పొడిని నత్రికామ్లమున కరగించి, వేల డిగ్రీల వేడిగల ఆర్గాన్ వాయుజ్వాలలోనికి జిమ్ముదురు. అందు విడివడిన పరమాణువులను యంత్రము వాని బరువులనుబట్టి వేఱుపఱచి లెక్కించును. యంత్రము నిజము పలుకుచున్నదో లేదో తెలియుటకై, లోహముల పరిమాణము ముందే నిర్ణయింపబడిన పొడిని గూడ దానితోబాటు పరీక్షింతురు.

తీరములన్నియు నొక్కరీతివి గావు. కెనడాయందలి బ్రిటిష్ కొలంబియా తీరమున బెంచిన ఆలుచిప్పలలో కాడ్మియము హెచ్చుగ నుండుట 2000 ప్రాంతమున బయల్పడెను. కిలోగ్రామునకు 2 మిల్లీగ్రాములను హాంకాంగ్ మితిని మించుటచే కొంత సరకు నచ్చట నిరాకరించిరి. పెంపకందారులకు నష్టము వాటిల్లెను. కారణమారయగా, అది కర్మాగారముల పాపము గాదు. లోతులనుండి పైకివచ్చు సముద్రజలమున సహజముగ నున్న కాడ్మియమే ప్రధానహేతువని తేలెను. చూపునకు తేటయైన నీరెల్ల నిర్దోషమనరాదు. ఐరోపా సమాఖ్య విధించిన మితి 1 మిల్లీగ్రామే. కావున నొకదేశమున చెల్లినది వేఱొకదేశమున చెల్లకపోవచ్చును.

ఇందు గృహిణు లెఱుగవలసిన విషయము గలదు. ఆలుచిప్పలందలి తుత్తునాగము, రాగి, ఇనుము దేహమునకు పోషకములు. కాడ్మియ మట్లుగాదు, మూత్రపిండముల జేరి దశాబ్దములు నిలుచును. ఎంత యుడికించినను పోదు. దేహమున ఇనుము కొఱవడినపుడు ప్రేగులు కాడ్మియమును మఱింతగ గ్రహించును. ఈ కొఱత స్త్రీలయందే యధికము. కావున ఆలుచిప్పలను తఱచు భుజించువారు అవి యే తీరమువో విచారించుటయు, ఎల్లకాలము నొక్కతీరపువానినే కొనకుండుటయు మేలు. ఇంటి ఆడువారికి ఇనుము చాలినంతగల యాహారమును సమకూర్చుట అంతకంటెను ముఖ్యము.