ఇంట నిర్మించిన పడవ – పంచాయతీ కర్తవ్యము

మంగళగిరికి ఉత్తరమున కృష్ణానదిపై నున్న ప్రకాశం బ్యారేజివద్ద 2024 సెప్టెంబరు 2వ తేదీన 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద ప్రవహించినది. ఇట్టి వరదలలో దిగువనున్న కొల్లిపర, కొల్లూరు మండలముల లంక గ్రామములకు పడవయే ఆధారము. పట్టణమునుండి పడవ వచ్చువరకు వేచియుండుటకంటె, గ్రామమునందే ఒక చిన్న పడవ యుండుట మేలు. ఉత్సాహవంతులైన యువకులు వడ్రంగి సాయముతో దానిని ఇంటివద్దనే నిర్మించుకొనవచ్చును. కాని అందులో ఎందరు ఎక్కవలెనో నిర్ణయించుట పంచాయతీ బాధ్యత.

ఇది మనకు కొత్త విద్య కాదు. కొల్లేటి ప్రాంతమున తాటిమొద్దును తొలిచి దోనె చేయుట పూర్వమునుండి కలదు. ఒంటి దోనె సన్నన, త్వరగా ఒరగును. అందుచే రెండు దోనెలను ప్రక్కప్రక్కన బిగించి కట్టెడివారు. వెడల్పు పెరిగినచో నిలకడ పెరుగునని వారెరుగుదురు.

పడవ తన బరువునకును, తనలోని బరువునకును సమానమైన నీటిని తొలగించి తేలును. 4 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు గల చదునైన అడుగు పడవను తీసికొందము. కొనలు సన్నగిలును గనుక, అది ఒక సెంటీమీటరు మునుగుటకు సుమారు 30 కిలోల బరువు కావలెననుకొనవచ్చును. పడవ బరువు 120 కిలోలు, నలుగురి బరువు 240 కిలోలు అయినచో 12 సెంటీమీటర్లు మునుగును. పదిమంది ఎక్కినను 24 సెంటీమీటర్లే మునుగును. 45 సెంటీమీటర్ల అంచు గల పడవ తేలుచునే యుండును. ప్రమాదమిచ్చటనే కలదు. తేలుట వేరు, ఒరగక నిలుచుట వేరు. అందరు లేచి నిలిచినను, ఒక ప్రక్కకు జరిగినను, ప్రవాహము అడ్డముగా తాకినను అంచు మునిగి నీరు లోనికి వచ్చును. కావున ఇట్టి పడవకు నలుగురే పరిమితి.

అతుకులలో నూలుత్రాడు దట్టించి, నూనెలో కరగించిన గుగ్గిలము పూయవలెను. తుప్పుపట్టని మేకులను వాడవలెను. బల్లల క్రింద గట్టిగా మూతవేసిన ఖాళీ డబ్బాలను బిగించినచో, నీరు నిండినను పడవ అడుగంటదు. తరువాత చెరువులో, మనుష్యుల బరువునకు సరిపడు ఇసుక బస్తాలతో పరీక్షింపవలెను. మనుష్యులను ఎక్కించుట అటుపిమ్మటనే.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నమువద్ద పవిత్ర సంగమమున పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. 2024 వరదలో కొట్టుకొనివచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజిని ఢీకొని గేట్ల కౌంటర్ వెయిట్లను దెబ్బతీసినవి. పడవను ఎక్కుటయందే గాక కట్టివేయుటయందును జాగ్రత్త అవసరమని దీనివలన తెలియుచున్నది.

యంత్రము లేని పడవల నమోదును స్థానిక సంస్థలకు అప్పగించు వీలును 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము రాష్ట్ర ప్రభుత్వములకు కల్పించినది. ఇంజను బిగింపదలచినచో రిజిస్ట్రేషను, తనిఖీ తప్పనిసరి.

సభ్యులు వర్షాకాలమునకు ముందే గ్రామములోని పడవల పట్టిక తయారుచేసి, ప్రతి పడవపై ఎక్కదగినవారి సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. ఎక్కువారికి లైఫ్ జాకెట్లు, కట్టుటకు గట్టి మోకు, రేవున లోతుగా పాతిన గుంజ సిద్ధముగా నుంచవలెను. వరదనాడు రేవున జనము గుమిగూడినప్పుడు అయిదవవానిని ఆపుట కష్టము. గ్రామసభలో ముందుగా చేసిన తీర్మానము ఆనాడు పడవ నడుపువానికి అండగా నిలుచును.