స్ప్రింగు చాకు ఎలా తెరుచుకుంటుంది?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివినవాణ్ణి కదా, ఏ ఉపగ్రహం గురించో, ఏ శాస్త్రవేత్త గురించో రాస్తాననుకుని ఉంటారు. నేను మాత్రం ఒక చాకు గురించి రాస్తున్నాను. అదీ అమెరికాలో తయారైన చాకు.

పోయిన సంక్రాంతికి ఒక అన్న మా ఊరు వచ్చాడు. మన హాస్టల్లోనే చదివి, ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్లి, అక్కడే ఉద్యోగంలో స్థిరపడినవాడు. మా అరుగు మీద కూర్చుని, చెరుకు ముక్క కోయడానికి జేబులోంచి సన్నటి ఉక్కు వస్తువు తీశాడు. దాని వెనకవైపు పొడుచుకొచ్చిన చిన్న ముక్కు మీద చూపుడువేలు ఆనించి కొద్దిగా నొక్కాడు. 'టక్'మని మూడంగుళాల బ్లేడు బయటికొచ్చి నిలబడింది. చుట్టూ ఉన్న పిల్లలు "బటన్ కత్తి! బటన్ కత్తి!" అని అరిచారు. అన్న నవ్వి, "ఇది బటన్ కత్తి కాదురా. అదైతే అక్కడ కొన్ని రాష్ట్రాల్లో జేబులో పెట్టుకున్నందుకే కేసు" అని చెప్పాడు.

చూడటానికి రెండూ ఒకేలా తెరుచుకుంటాయి. రెండింటిలోనూ స్ప్రింగే ఉంది. మరి ఒకటి కేసు, ఇంకొకటి కాదు అంటే తేడా ఎక్కడుంది? ఆ సాయంత్రం నాకు ఇదే ఆలోచన. రాత్రికి అన్న చిన్న స్క్రూడ్రైవరుతో దాన్ని విప్పి చూపించాడు.

మడత చాకుల్లో మూడు రకాలు ఉంటాయి. మొదటిది మనందరికీ తెలిసిందే. గోటితో పట్టి లాగితే బ్లేడు వస్తుంది, మళ్లీ చేత్తోనే మడవాలి. ఉల్లిపాయలు కోసుకోవడానికి సంతలో కొనుక్కునే చాకు ఈ రకమే. రెండోది బటన్ కత్తి. ఇందులో స్ప్రింగు ఎప్పుడూ బ్లేడును బయటికే నెడుతుంటుంది. ఒక చిన్న మేకు దాన్ని ఆపి ఉంచుతుంది. పిడి మీది బటన్ నొక్కితే మేకు తప్పుకుంటుంది, బ్లేడు దానంతట అదే దూకుతుంది. వేలు బ్లేడును తాకనే తాకదు. మూడోది అన్న చేతిలో ఉన్నది. దీన్ని స్ప్రింగు సాయంతో తెరుచుకునే చాకు అనవచ్చు. ఇందులో విచిత్రమేమిటంటే, మూసి ఉన్నప్పుడు స్ప్రింగు బ్లేడును లోపలికే నెడుతుంది!

ఇది అర్థం కావాలంటే సైకిలు సైడు స్టాండు గుర్తు చేసుకోండి. స్టాండు పైకి మడిచి ఉన్నప్పుడు స్ప్రింగు దాన్ని పైకే పట్టి ఉంచుతుంది. గుంతల రోడ్డులో ఎంత ఎగిరినా కింద పడదు. మనం కాలితో కిందికి తోస్తాం. సగం దాకా స్ప్రింగు మనకు అడ్డం పడుతుంది. సగం దాటగానే అదే స్ప్రింగు మనసు మార్చుకున్నట్టు స్టాండును కిందికి లాగేస్తుంది. స్ప్రింగు మారలేదు. అది లాగే గీత, స్టాండు తిరిగే మేకుకు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దాటిందంతే. ఇంటర్లో చదివిన టార్క్ పాఠం ఇదే. బలం పనిచేసే గీత ఇరుసుకు ఏ పక్కన పోతుందో, వస్తువు ఆ దిక్కుకు తిరుగుతుంది.

అన్న చాకులో సైకిలు స్టాండు లాంటి చుట్ల స్ప్రింగు లేదు. పిడి లోపల వంచిన ఒక సన్నటి ఉక్కు కమ్మీ ఉంది. దీన్ని టార్షన్ బార్ అంటారు. ఒక కొన పిడికి, ఇంకో కొన బ్లేడు మొదట్లోని చిన్న రంధ్రానికి తగిలించి ఉంటాయి. బ్లేడు మూసి ఉంటే ఆ కమ్మీ బలం మూసే వైపే ఉంటుంది. వేలితో నెట్టి బ్లేడును కొద్ది డిగ్రీలు తిప్పితే గీత దాటుతుంది, మిగతా పని కమ్మీ చేస్తుంది. అంటే మొదటి అడుగు మనిషిదే. మనిషి చెయ్యి బ్లేడును కదిలించకపోతే ఎంతసేపున్నా అది తెరుచుకోదు. బోర్లించినా, విదిలించినా మూసుకునే ఉంటుంది. నేను పదిసార్లు విదిలించి చూశాను.

ఈ చాకు పేరు లీక్. కంపెనీ పేరు కెర్షా. పీట్ కెర్షా అనే ఆయన 1974లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత కొద్ది ఏళ్లకే జపాన్‌లో కత్తులకు పేరుబడ్డ సెకి పట్టణం నుంచి ఎదిగిన కాయ్ అనే సంస్థ చేతికి వెళ్లింది. ఇలాంటి చాకును మొదట మార్కెట్లోకి తెచ్చింది 1990ల మధ్యలో బ్లాకీ కాలిన్స్ అనే డిజైనరు. దానికి పెద్ద పేరు తెచ్చింది మాత్రం హవాయి దీవుల్లో కత్తులు చేసే కెన్ ఆనియన్. ఆనియన్ అంటే ఉల్లిపాయే, కానీ అది ఆయన అసలు ఇంటిపేరు. ఆయన పద్ధతికి 2000లో అమెరికా పేటెంటు వచ్చింది. 'స్పీడ్‌సేఫ్' అనే పేరుతో కెర్షా దాన్ని తన చాకుల్లో వాడింది. వేగం, భద్రత రెండూ ఒకే పేరులో పెట్టారు. భద్రత మాట ఊరికే పెట్టలేదు. లీక్ పిడి చివర ఒక చిన్న మీట ఉంది. దాన్ని జరిపితే బ్లేడు మొన లోపలే ఇరుక్కుంటుంది, జేబులో పొరపాటున తెరుచుకోదు.

తెరుచుకున్నాక బ్లేడు మళ్లీ మడతపడి వేలు తెగకుండా ఇంకో ఏర్పాటు ఉంది. పిడి రేకునే ఒక పక్క చీల్చి లోపలికి కొద్దిగా వంచారు. బ్లేడు తెరుచుకోగానే ఆ చీలిక వెళ్లి బ్లేడు మడమ వెనక అడ్డంగా నిలబడుతుంది. మూయాలంటే బొటనవేలితో దాన్ని పక్కకు నెట్టాలి. దీన్ని ఫ్రేమ్ లాక్ అంటారు. ఈ పద్ధతి దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వెళ్లిన క్రిస్ రీవ్ అనే ఆయనది.

ఇక ఉక్కు. కెమిస్ట్రీ తమ్ముళ్లకు ఇది నచ్చుతుంది. కత్తికి గట్టిదనం కావాలంటే కార్బన్ ఎక్కువ ఉండాలి. తుప్పు పట్టకూడదంటే క్రోమియం ఉండాలి. కానీ కార్బన్ ఎక్కువైతే క్రోమియంతో కలిసి కార్బైడ్లుగా మారిపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలే క్రోమియం తగ్గిపోతుంది. స్వీడన్‌కు చెందిన శాండ్విక్ వాళ్లు ఇదివరకటి ఉక్కులో కార్బన్ కొంచెం తగ్గించి, ఆ లోటును నైట్రోజన్‌తో పూడ్చారు. కార్బన్ 0.62 శాతం, క్రోమియం 14 శాతం, నైట్రోజన్ 0.11 శాతం. ఆ ఉక్కు పేరు 14సి28ఎన్. కెర్షా కోరిక మీదే చేసిన ఉక్కు ఇది, లీక్ బ్లేడుకూ దీన్నే వాడారు.

మా నాన్న ఇవేవీ వినలేదు. నాన్న చెప్పులు కుడతాడు. పొద్దున్నే చాకు చేతికి తీసుకుని, గోటి మీద ఆనించి పదును చూశాడు. తర్వాత ఒక తోలు ముక్క పరిచి అంచు చెక్కాడు. రెండుసార్లు చెక్కి ఆపేశాడు. "పదును బాగానే ఉందయ్యా. కానీ బరువు పెట్టి నెడితే ఈ మడత కాడ ఊగినట్టుంటది. మనకి రంపే నయం" అన్నాడు. అన్న ఒప్పుకున్నాడు. "నిజమే బాబాయ్. ఇది అట్టపెట్టెలు, తాళ్లు కోసుకోవడానికే. అక్కడ చాలామంది పెన్నులాగ రోజూ జేబులో పెట్టుకుంటారు." తాళంచెవులు, టార్చి, చాకు ఇలా రోజూ వెంట ఉంచుకునే వస్తువుల మీద అక్కడ పెద్ద మోజు ఉందట. రంగులు మార్చి, పిడి మార్చి, ఉక్కు మార్చి కంపెనీలు ఒకే చాకును పదిరకాలుగా తెస్తాయి. సేకరించేవాళ్లు వాటిని పెట్టెతో సహా దాచుకుంటారు. ఏటా అట్లాంటాలో కత్తుల కోసమే 'బ్లేడ్ షో' అనే పెద్ద ప్రదర్శన జరుగుతుంది. ధర ఎంతన్నా అని అడిగితే రూపాయల్లో ఐదు వేలు దాటింది. ఒక్కసారి కూడా దేన్నీ కోయని ఐదు వేల చాకును అద్దాల బీరువాలో పెట్టుకోవడం నా బుర్రకెక్కలేదు. అయితే మన హాస్టల్లో తపాలా బిళ్లలు దాచుకున్నవాళ్లకు బహుశా ఎక్కుతుందేమో.

చట్టం సంగతి చెప్పాలి. 1950ల్లో అమెరికాలో బటన్ కత్తి మీద పెద్ద భయం పుట్టింది. పత్రికలు, సినిమాలు దాన్ని కుర్ర రౌడీల ఆయుధంగా చూపించాయి. 1958లో బటన్ కత్తుల చట్టం వచ్చింది. పిడి మీది బటన్ లాంటిది నొక్కితే దానంతట అది తెరుచుకునే కత్తిని, లేదా బరువుకో విదిలింపుకో తెరుచుకునే కత్తిని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వ్యాపారంగా పంపడం నేరమైంది. స్ప్రింగు సాయం చాకు వచ్చాక, ఇదీ అదే కదా అనే వాదన బయలుదేరింది. 2009లో అక్కడి కస్టమ్స్ శాఖ ఈ చాకులను కూడా బటన్ కత్తుల కింద లెక్కగట్టాలని ప్రతిపాదించింది. అప్పుడు కాంగ్రెస్ అదే ఏడాది అక్టోబరులో చట్టాన్ని సవరించింది. బ్లేడును మూసి ఉంచేవైపు బలం పెట్టే ఏర్పాటు ఉండి, దాన్ని దాటించడానికి మనిషి చేత్తో బ్లేడు మీద బలం వేయాల్సి వస్తే ఆ చాకుకు చట్టం వర్తించదు. స్ప్రింగు గీత ఇరుసుకు ఏ పక్కన ఉందనే మన టార్క్ లెక్క, ఒక దేశపు చట్టంలో వాక్యమై కూర్చుంది!

కానీ చట్టంలో లెక్క ఎంత సరిగ్గా ఉన్నా, చాకు ఎవరి జేబులో ఉందనేది వేరే లెక్క. న్యూయార్క్ రాష్ట్రంలో విదిలిస్తే తెరుచుకునే 'గ్రావిటీ నైఫ్' మీద నిషేధం ఉండేది. అక్కడి పోలీసులు మామూలు మడత చాకును కూడా మణికట్టుతో గట్టిగా విదిలించి చూసేవారు. తెరుచుకుంటే నేరం. ఆ చాకులు హార్డ్‌వేర్ కొట్లలో బహిరంగంగా అమ్మేవే. పట్టుబడినవాళ్లలో వడ్రంగులు, నాటకశాలల్లో తెరలు కట్టేవాళ్లు, గోదాముల్లో పెట్టెలు విప్పేవాళ్లు ఉన్నారు. అత్యధికులు నల్లవాళ్లు, లాటినోలు. నిషేధం ఎత్తివేసే బిల్లును శాసనసభ ఆమోదించినా 2016లో, 2017లో గవర్నరు తిరస్కరించాడు. చివరికి 2019 మేలో అది రద్దయింది.

ఇది చదువుతుంటే నాకు నా ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. నేను తొమ్మిదో తరగతి వేరే హాస్టల్లో చదివాను. నాన్న విరిగిన హ్యాక్సా బ్లేడును నూరి, ఒక చివర తోలు చుట్టి నాకు చిన్న చాకు చేసిచ్చాడు. పెన్సిలు చెక్కుకోవడానికి, మామిడికాయ కోసుకోవడానికి. ఒకరోజు ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారని అందరి పెట్టెలూ తెరిపించారు. నేను ఆ గొడవలో లేను. అయినా నా చాకు దొరికింది. "కత్తులు దాచుకుంటున్నావా?" అని అసెంబ్లీలో నిలబెట్టారు. నాన్నను పిలిపించారు. నాన్న ఆ రోజు పని మానుకుని, బస్సెక్కి వచ్చి, కాగితం మీద వేలిముద్ర వేశాడు. అది ఏ పనికి చేశాడో ఎవరూ ఆయన్ని అడగలేదు. చాకు తిరిగి ఇవ్వలేదు. పిల్లల హాస్టల్లో కత్తులు ఉండకూడదనేది సరైన నియమమే, నేను కాదనను. నాన్నను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

మన దగ్గర ఇలాంటి చాకుకు అమెరికా సవరణ అక్కరకు రాదు. ఆయుధాల చట్టం మనకు 1959 నుంచి ఉంది. దాని కింద ఢిల్లీలో 1980లో ఇచ్చిన నోటిఫికేషన్ చూడండి. స్ప్రింగుతో తెరుచుకునేవి, గరారీదార్, బటన్‌దార్ కత్తులు, ఇంకా ఏ యంత్రపు ఏర్పాటుతోనైనా తెరుచుకునే లేక మూసుకునే కత్తులు, బ్లేడు పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు లేక అంతకన్నా ఎక్కువైతే అందులోకి వస్తాయి. గరారీదార్ అంటే పళ్ల చక్రంతో 'కర్ కర్'మంటూ తెరుచుకునేది. ఉత్తరప్రదేశ్‌లోని రామ్‌పూర్ దీనికి ప్రసిద్ధి. 2023లో అక్కడ ఒక కూడలిలో ఆరు మీటర్ల చాకు బొమ్మ కూడా నిలబెట్టారు. ఇక స్ప్రింగు లోపలికి నెడుతుందా బయటికి నెడుతుందా అనే ప్రశ్న ఆ నోటిఫికేషన్‌లో లేదు. లీక్ బ్లేడు మూడంగుళాలు. మూడంగుళాలంటే సరిగ్గా 7.62 సెంటీమీటర్లు. వెడల్పు కొలవడానికి ఆ రోజు నా దగ్గర వెర్నియర్ కాలిపర్స్ లేవు. ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా అని ఇలాంటివి తెప్పించుకోవాలనుకునే తమ్ముళ్లు కొనే ముందు ఈ కొలతలు చూసుకోండి. హాస్టలుకూ పరీక్ష హాలుకూ మాత్రం ఏ కొలతదీ తేవద్దు.

వెళ్లేముందు అన్న "నీకొకటి పంపనా?" అని అడిగాడు. "వద్దన్నా, నేనింకా హాస్టల్లోనే ఉన్నా" అన్నాను. అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బ్లేడు మడిచి, చివరి మీట జరిపి, జేబులో పెట్టుకున్నాడు.