కురిసిన మంచును కొలుచుట

వానను కొలుచుట సులభము. పాత్రలో పడిన నీటి లోతును బద్దతో చూచి వ్రాసికొందుము. మంచు అట్లు కాదు. అది ఏకిన దూదివలె నిలిచి, తన బరువుచేతనే క్రమముగా క్రుంగిపోవును. కుంచములో పోసిన ధాన్యమును కుదిపినచో మట్టము దిగుట మన పిల్లలు ఎరిగినదే. మంచు కుదుపకయే దిగును.

కావున దినమునకు ఒక్కమారు కొలిచినవానికి తక్కువయు, మాటిమాటికి కొలిచి పలకను తుడుచువానికి ఎక్కువయు వచ్చును. ఇరువురును సత్యమే వ్రాయుదురు. లెక్కలు మాత్రము పొసగవు.

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, మాంటేగ్ అను గ్రామమున 1997 జనవరి 11, 12 తేదీలలో ఇట్టి చిక్కే వచ్చెను. ఒక పరిశీలకుడు 24 గంటలలో 77 అంగుళముల మంచు కురిసెనని తెలిపెను. అంతకు పూర్వము కొలరాడోలోని సిల్వర్ లేక్ వద్ద 1921 ఏప్రిలులో పడిన 76 అంగుళములే ఘనముగా ఎంచబడుచుండెను. విచారణ సంఘమువారు చూడగా, ఆయన ఆరుమారులు కొలిచి కూడినట్లు తేలెను. ఆరుగంటలకు ఒకమారు చొప్పున నాలుగుమారులకు మించరాదని నియమము. ఆ లెక్క అంగీకరింపబడలేదు. అతని శ్రద్ధయే అతనికి అడ్డు వచ్చినదని నాకు తోచును.

విచిత్రమేమనగా, ఆ పాత లెక్కయు తిన్నగా కొలిచినది కాదు. అక్కడ 27½ గంటలలో 87 అంగుళములు పడగా, 24 గంటలకు ఎంత యని తరువాత లెక్కకట్టిరి. మన విద్యార్థులును త్రైరాశికముచే చేసి చూడవచ్చును.

పూర్వము పలుచోట్ల మంచును కరగించి, ఆ నీటి లోతును పదింతలు చేసి మంచు లోతని వ్రాసెడివారు. తడిమంచు అయిదింతలే యుండవచ్చును. మిక్కిలి చలిలో పడు పొడిమంచు ఇరువది, ముప్పది యింతలును ఉండవచ్చును. ఇంతేకాక, గాలి వీచునపుడు మంచు పాత్రలో పడక ప్రక్కకు కొట్టుకొనిపోవును. దీనికై నైఫర్ అను పండితుడు 1878లో పాత్రచుట్టు ఒక కవచమును అమర్చెను. అది లేని కాలపు లెక్కలు తక్కువ చూపుట సహజము. పాత పట్టికలను నేటి పట్టికలతో పోల్చి మంచు హెచ్చెననియో తగ్గెననియో తేల్చువారికి ఇవన్నియు చిక్కులే.

నేడు శబ్దతరంగములను క్రిందికి పంపి, అవి తిరిగివచ్చు కాలమునుబట్టి లోతు చెప్పు యంత్రములు కలవు. అవి రేయింబవళ్లు విసుగక పనిచేయును. కాని అవి నేలపై నిలిచియున్న మంచునే చెప్పునుగాని, కురిసిన దానిలో ఎంత క్రుంగినదో, గాలి ఎంత కొనిపోయినదో చెప్పజాలవు. అందుచేత తెల్లరంగు పూసిన చెక్కపలకయు, అంగుళముల బద్దయు, చలిలో బయటికి వచ్చి కొలుచు మనుష్యుడును నేటికిని అక్కడ కావలసియే యున్నారు.